ఎనిమిది వందల ఎకరాలకు ఒక ఒంటె

ఆస్ట్రేలియాలో యజమాని లేకుండా తిరిగే ఒంటెలు పది లక్షలున్నాయని 2008లో ఓ అంచనా వేశారు. అవి తిరిగే నేల 33 లక్షల చదరపు కిలోమీటర్లు. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మన దేశం మొత్తం కలిపితే అంత ఉంటుంది. భాగహారం చేస్తే ఒక్కో ఒంటె వాటాకు 3.3 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో చెప్పాలంటే 800 వస్తాయి. ఎనిమిది వందల ఎకరాల్లో ఒక్క ఒంటె మేస్తే భూమికొచ్చిన కష్టమేమిటి, దానికోసం హెలికాప్టర్లెక్కి కాల్చడమేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించడంలో తప్పేమీ లేదు.

ముందు ఒక మాట సర్దుకుందాం. ఒకప్పుడు మనిషి చేతికింద పెరిగి, తర్వాత వదిలేస్తే అడవి పట్టిన జంతువుల్ని ఇంగ్లిషులో ఫెరల్ అంటారు. పులి, జింకల్లాంటి పుట్టు అడవిజీవాలు వేరు, ఇవి వేరు. పైగా ఈ ఒంటెలు ఆ ఖండంలో పుట్టిన జాతి కూడా కాదు, ఓడల మీద తెచ్చినవి. బయటి నుంచి తెచ్చి, వాడుకుని, వదిలేసిన జంతువును ఏం చెయ్యాలన్నదే ఇక్కడి ప్రశ్న. పిల్లులు, గుర్రాలు, గాడిదలు, పందుల విషయంలోనూ ఆస్ట్రేలియాలో ఇదే తగవు నడుస్తోంది. ఒంటెల్ని ఎంచుకోవడానికి కారణం, వాటి కథలో మనవైపు కొస కూడా ఒకటుంది.

ఇక 800 ఎకరాల సంగతి. చిక్కంతా ఆ సగటులోనే ఉంది. ఎడారిలో జంతువులు నేలంతా సమానంగా పంచుకుని మెయ్యవు. వాన పడ్డ ఏడు ఒంటెకు నీటి గుంటతో పెద్దగా పని ఉండదు, పచ్చి ఆకుల్లోని తేమతోనే నెలలు గడిపేస్తుంది. వాన మొహం చాటేసిన ఏడు మాత్రం వందల మైళ్ల ఒంటెలన్నీ నీరున్న చోటికే దారి పడతాయి. 2009 చివర్లో నార్తర్న్ టెరిటరీలోని డాకర్ రివర్ అనే ఆదివాసీ ఊరికి అలాగే వచ్చిపడ్డాయి. ఊరి జనం 350 మంది. వచ్చిన ఒంటెలు సుమారు 6,000. మనిషికి పదిహేడు చొప్పున, అయిదుగురున్న ఇంటికి ఎనభై అయిదు! కంచెలు పడిపోయాయి, నీటి గొట్టాలు విరిగాయి, రోగుల్ని తీసుకెళ్లే చిన్న విమానాలు దిగే చోట కూడా ఒంటెలే. పిల్లల్ని గుమ్మం దాటనివ్వడానికి తల్లులు భయపడ్డారు.

నీటి లెక్క కూడా చూద్దాం. దప్పిక మీదున్న పెద్ద ఒంటె ఒక్క దఫాలో నూరు లీటర్లకు పైగా తాగుతుంది. ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల క్యాన్లు అయిదు. జల్ జీవన్ మిషన్ మన పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని పెట్టుకుంది కాబట్టి, ఒక ఒంటె ఒకసారి తల వంచితే ఇద్దరి రోజు వాటా పూర్తి. 6,000 ఒంటెలు తలా ఒక్కసారి తాగితే ఆరు లక్షల లీటర్లు, అంటే దాదాపు పదకొండు వేల జనమున్న మండల కేంద్రానికి ఒక రోజు సరఫరా. అదంతా 350 మంది కోసం వేసిన బోర్ల నుంచి రావాలి.

ఊళ్లో ట్యాంకులు పగిలితే మళ్లీ కట్టుకోవచ్చు. ఊరి బయట నీటి సంగతి వేరు. గుట్టల్లో వాన నీరు నిలిచే రాతి దొనలు, ఇసుకలో తవ్వుకునే చెలమలు ఆ ఎడారిలో వేల ఏళ్లుగా మనుషుల్నీ, కంగారూల్నీ, పక్షుల్నీ బతికించాయి. ఒక దొనలో పట్టే నీళ్లు నాలుగైదు ఒంటెలకు చాలవు. తాగడానికి దిగిన ఒంటె ఒక్కోసారి అందులోనే ఇరుక్కుని చస్తుంది, కళేబరం కుళ్లితే ఆ నీరు మరెవరికీ పనికిరాదు. పైగా ఆదివాసులకు చాలా దొనలు పూర్వీకుల కథలతో, పాటలతో, కర్మకాండలతో ముడిపడ్డ పవిత్ర స్థలాలు. ఒక్క ఒంటెల వల్లే ఏటా కోటి ఆస్ట్రేలియా డాలర్లకు పైగా నష్టమని అప్పట్లో తేల్చారు. పది లక్షల ఒంటెలకు పంచితే తలకు పది డాలర్లు. అది కంచెల ఖరీదు, తొట్ల ఖరీదు, పశువుల మేత ఖరీదు. పాడైన దొనకు ధర కట్టే పద్దు అందులో లేదు. ఉండడానికి వీల్లేదు కూడా.

ఇవి ఆ నేలమీదికి ఎలా వెళ్లాయో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మొదటి ఒంటె 1840లో కెనరీ దీవుల నుంచి అడిలైడ్ రేవులో దిగింది. పేరు హ్యారీ. జాన్ హారక్స్ అనే అన్వేషకుడు 1846లో దాన్ని వెంటబెట్టుకుని లోతట్టు ప్రాంతానికి బయల్దేరాడు. దారిలో ఆయన తుపాకి దట్టిస్తుంటే పక్కనే ఒంటె కదిలింది, తుపాకి పేలింది, మూడు వారాలకు ఆయన కన్నుమూశాడు. పోయేముందు ఒంటెను కాల్చెయ్యమన్నాడు, కాల్చేశారు. అంటే ఆ ఖండంలో పనికి దిగిన మొట్టమొదటి ఒంటె కూడా తుపాకి గుండుకే పోయింది.

అసలు రాక 1860లో మొదలైంది. బర్క్, విల్స్ అనేవాళ్ల అన్వేషణ యాత్ర కోసం ఆ ఏడాది నాటి బ్రిటిష్ ఇండియా నుంచి 24 ఒంటెల్ని తీసుకెళ్లారు. 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కరాచీ నుంచి 120కి పైగా దింపి, అక్కడే మందను పెంచడం మొదలుపెట్టాడు. 1870 నుంచి 1920 వరకు అలా చేరిన ఒంటెలు దాదాపు 20,000. వాటితోపాటు వెళ్లిన మనుషులు రెండు వేలకు తక్కువ లేరు. ఊరూ పేరూ అడక్కుండా వాళ్లందర్నీ అక్కడ అఫ్గాన్లు అన్నారు గానీ, చాలామందిది నాటి బ్రిటిష్ ఇండియా: బలూచిస్థాన్, సింధు, పంజాబు. బలమైన మగ ఒంటె 400 కిలోలు తేలిగ్గా మోస్తుంది, మన యూరియా బస్తాలైతే తొమ్మిది. గోధుమపిండి, ఉన్ని, రైలు పట్టాల కింద వేసే దుంగలు, 1872లో ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి కలిపిన తంతి తీగ సామాను, అన్నీ వాటి వీపుల మీదే వెళ్లాయి. అడిలైడ్ నుంచి ఎడారి మధ్యకు నేటికీ నడిచే రైలుకు ‘ఘాన్’ అనే పేరు ఆ అఫ్గాన్ల మీదే ఉంది.

పేరు రైలుకు మిగిలింది, మనుషులకు పౌరసత్వం దక్కలేదు. తెల్లవాళ్లకే ఆస్ట్రేలియా అనే విధానం 1901లో చట్టమయ్యాక ఒంటెలవాళ్లలో చాలామందిని పరాయివాళ్లుగానే ఉంచారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు ఆదివాసీ స్త్రీలను పెళ్లాడి అక్కడే స్థిరపడ్డారు. వాళ్ల వంశాలు ఇప్పటికీ ఉన్నాయి. 1920ల్లో లారీలు రావడంతో ఒంటెకు పని పోయింది. దక్షిణ ఆస్ట్రేలియా 1925లో ఒంటెల నిర్మూలన చట్టం తెచ్చి, ఎవరిదో తెలియని ఒంటె నేలమీద కనిపిస్తే కాల్చెయ్యొచ్చంది. యాభై ఏళ్లు బరువు మోసిన జంతువును చేతులారా చంపుకోలేక చాలామంది కట్లు విప్పి ఎడారిలోకి తోలేశారు. ఈ రోజు అక్కడున్నవి ఆ ఒంటెల మునిమనవలు. అందుకే ‘అవి మా నేలమీద చొరబడ్డాయి’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం నవ్వొస్తుంది. చొరబడలేదు, కూలికి పిలిపించుకున్నారు.

వదిలేసినవి వేలల్లో ఉంటే లక్షలెలా అయ్యాయని అడగొచ్చు. ఆడ ఒంటె పదమూడు నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది, రెండేళ్లకోసారి ఈనుతుంది. నెమ్మదైన పెరుగుదలే. కాని అక్కడ వాటిని వేటాడే మృగం లేదు, పెద్ద రోగాలు లేవు, ఒంటె ముప్పై ఏళ్లకు పైగా బతుకుతుంది. మొత్తమ్మీద మంద ఏడాదికి నూటికి ఎనిమిది చొప్పున పెరుగుతుంది. వడ్డీ లెక్క తెలిసినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది: నూటికి ఎనిమిది చక్రవడ్డీకి తొమ్మిదేళ్లలో అసలు రెట్టింపు. లక్ష ఒంటెలు తొమ్మిదేళ్లకు రెండు లక్షలు, పద్దెనిమిదేళ్లకు నాలుగు, ఇరవయ్యేడేళ్లకు ఎనిమిది. మొదట్లో ఎవరి కంటా పడదు, తర్వాత ఒక్కసారిగా మీద పడ్డట్టుంటుంది.

మరి ఆ పది లక్షల సంఖ్యను నమ్మొచ్చా? ఎడారిలో ఒంటెల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టినవాళ్లు లేరు. చిన్న విమానంలో గీత గీసినట్టు ఎగురుతూ, కిందున్న సన్నని పట్టీలో కనిపించినవాటిని లెక్కిస్తారు. చెట్ల నీడలో కనిపించనివి ఎన్నో అంచనా కట్టి కలుపుతారు. చూసింది నేలలో నూరో వంతయితే వచ్చిన మొత్తాన్ని నూరుతో గుణిస్తారు. ఒక ఒంటెను పొరపాటున రెండుసార్లు చూస్తే కాగితం మీద నూరు ఒంటెలు పుట్టుకొస్తాయి. 2008లో పది లక్షలన్న అంచనాను తర్వాత ఆరు లక్షల దగ్గరికి దించారు. 2013 నాటికి మిగిలినవి మూడు లక్షలన్నారు. ఈ రెండు లెక్కల మధ్యకాలంలో ప్రభుత్వం చంపించినవి 1.6 లక్షలు. ఆరు లక్షల్లోంచి 1.6 తీసేస్తే మూడు రాదని మీరు ఈపాటికి పట్టేసి ఉంటారు. గాలిలోంచి చూసి కట్టే లెక్కలు పైసలతో సహా సరిపోవు. ఒంటెల్ని చంపాలా వద్దా అన్న వాదనలో రెండువైపులా ఇలాంటి సంఖ్యలే తిరుగుతాయి కాబట్టి, ఎవరు ఏ గుండ్రటి అంకె చెప్పినా ముందు ఎలా లెక్కించారని అడగడం మంచిది.

ఆ 1.6 లక్షల కథ ఇది. 2009లో కేంద్ర ప్రభుత్వం 1.9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కేటాయించి, నాలుగేళ్ల పథకం పెట్టింది. భాగిస్తే ఒంటెకు 119 డాలర్లు, నేటి మారకంలో ఆరేడు వేల రూపాయలు. అందులో విమాన సర్వేలు, ఊరూరా సమావేశాలు, భూమి హక్కుదారుల అనుమతులు కూడా ఉన్నాయి కాబట్టి అదంతా గుండ్ల ఖర్చు అనుకోవద్దు.

‘ఆపరేషన్లు చేయించొచ్చుగా, మన ఊళ్లో కుక్కలకు చేస్తున్నట్టు?’ న్యాయమైన ప్రశ్న. మన నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న వీధిలోనే వదలాలి. ఒక పట్టణంలో కొన్ని వేల కుక్కలకు అది సాగించడానికే మన మున్సిపాలిటీలు ఎంత ఈదుతున్నాయో చూస్తూనే ఉన్నాం. దేశమంత వెడల్పున, రోడ్డు లేని ఇసుకలో, మనిషిని చూస్తే పరుగెత్తే అయిదు వందల కిలోల జంతువుల్లో ఆడవాటిని ఏరి ఒక్కొక్కదానికీ మందు గుచ్చాలంటే సాధ్యమయ్యే పని కాదు. సాధ్యమైందే అనుకోండి, ఆపరేషన్ అయిన ఒంటె ఇంకో ఇరవై ఏళ్లు దొనలో నీళ్లు తాగుతూనే ఉంటుంది.

‘పోనీ తినొచ్చుగా?’ ఎంత తక్కువ వేసుకున్నా పెద్ద ఒంటెకు 200 కిలోల మాంసం వస్తుంది. 1.6 లక్షల ఒంటెలంటే 32,000 టన్నులు. వారానికి కిలో వండుకునే కుటుంబాలు ఆరు లక్షలనుకుంటే, వాళ్లకు ఏడాది పొడవునా సరిపోయే మాంసం. అందులో చాలా భాగం ఇసుకలో కుళ్లింది. విన్నవాళ్లకు కడుపు తరుక్కుపోయే మాటే. అడ్డంకి దూరం. నలభై డిగ్రీల ఎండలో చంపిన మాంసం గంటల్లో చెడుతుంది. ప్రాణంతో పట్టి లారీ ఎక్కిద్దామంటే అనుమతి ఉన్న కబేళా వెయ్యి కిలోమీటర్ల అవతల ఉండొచ్చు, ఒంటె ధర డీజిలుకే చాలదు. రోడ్డుకు దగ్గర్లో దొరికినవాటిని కొన్నిటిని అలా పంపారు కూడా. అప్పుడు ఇంకో సందేహం వస్తుంది: ఎన్నడూ తాడు ఎరగని జంతువును దొడ్లో పెట్టి, లారీలో రెండు రోజులు కుదిపి, కబేళాలో చంపడం దయా, ఉన్నచోటే ఒక్క గుండుతో చంపడం దయా? మాంసం వృథా కాకూడదన్న న్యాయమూ, జంతువు బాధపడకూడదన్న న్యాయమూ ఇక్కడ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

ఆ ‘ఒక్క గుండు’ నిజంగా ఒక్కటేనా? దీన్ని కొలిచినవాళ్లున్నారు. జోర్డన్ హ్యాంప్టన్ అనే పశువైద్యుడి బృందం హెలికాప్టర్ల నుంచి కాల్చిన ఒంటెల్ని పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించింది. నూటికి 83 ఒంటెలు గుండు తగిలిన క్షణమే పోయాయి. గాయంతో తప్పించుకుపోయినవి వెయ్యికి నాలుగు. తుపాకి ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఫలితం చాలా మారింది. కోళ్లఫారం నుంచి కబేళా దాకా మనం రోజూ తినే మాంసం వెనకున్న చావుల పక్కన పెడితే ఈ అంకెలు చెడ్డవేమీ కావు. కాని అదే నిష్పత్తి 1.6 లక్షలకూ వర్తిస్తుందనుకుంటే, క్షణంలో పోనివి 27,200. గాయంతో ఎడారిలోకి పారిపోయినవి 640. శాతంగా చూస్తే చిన్నది, తలలుగా చూస్తే మంద. ఒకరు మొదటిది చూసి సరే అంటారు, ఇంకొకరు రెండోది చూసి వద్దంటారు. లెక్క ఇద్దరికీ ఒకటే.

ఇంతకీ ఆ నేలవాళ్లు ఏమంటారు? పెట్రోనెల్లా వార్జన్-మోరెల్ అనే మానవశాస్త్రవేత్త మధ్య ఆస్ట్రేలియా ఆదివాసీ ఊళ్లలో ఇదే అడిగింది. ఆమెకు ఒక్క జవాబు దొరకలేదు. ఒంటె వాళ్లకు కొత్త జంతువే అయినా పరాయిది కాదు. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఎడారిలో చుట్టాల ఊళ్లకూ, జాతర్లకూ ఒంటెల మీదే వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు వీళ్లు. క్రైస్తవం తీసుకున్నవాళ్లలో కొందరికి అది పసిపాప యేసును చూడటానికి జ్ఞానుల్ని మోసుకెళ్లిన జంతువు, దానిమీద చెయ్యెత్తడానికి మనసొప్పదు. చంపినదాన్ని తినకుండా వదిలెయ్యడం చాలామందికి తప్పు. అదే మనుషులు దొనలు పాడయ్యాయని, పిల్లలకు ఏరిపెట్టే క్వాండాంగ్ పళ్లచెట్లను ఒంటెలు మొదలంటా మేస్తున్నాయని బాధపడతారు. ఒక ఇంట్లోనే ఒకరు కాల్చాలని, ఒకరు పట్టి అమ్మాలని, ఒకరు వదిలెయ్యాలని అంటారు. ఒంటెలు పెరిగేకొద్దీ అభిప్రాయాలూ మారుతూ వచ్చాయి. సంస్కృతి అంటే ఒకే గొంతుతో మాట్లాడేదని అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

2020 జనవరి నాటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, మన పత్రికల్లోనూ వచ్చింది: నీళ్లు తాగుతున్నాయని ఆస్ట్రేలియా పదివేల ఒంటెల్ని చంపుతోందని. జరిగింది దక్షిణ ఆస్ట్రేలియా వాయవ్య మూలన, అనంగు ఆదివాసుల నేలలో. 1981 చట్టం ఆ నేలను వాళ్ల సొంతం చేసింది. ఏపీవై ల్యాండ్స్ అంటారు, మన ఏపీతో సంబంధం లేదు. విస్తీర్ణం 1.03 లక్షల చదరపు కిలోమీటర్లు, తెలంగాణ 1.12 లక్షలు. జనం మాత్రం 2,300, మన దగ్గర ఓ పంచాయతీ జనాభా. తీవ్రమైన కరవులో ఒంటెలు ఊళ్లమీద పడి, ఏసీల నుంచి కారే నీటి కోసం ఇళ్ల గోడల్ని రాసుకుంటూ తిరిగాయి. కాల్చాలని నిర్ణయించుకున్నది అనంగుల కార్యవర్గమే, గురికాళ్లను పంపింది ప్రభుత్వం. అయిదు రోజుల్లో 5,000కి పైగా చంపారు, పదివేలన్నది పైహద్దు మాత్రమే. సామాజిక మాధ్యమాల్లో ప్రపంచం వాళ్లను తిట్టిపోసింది. తిట్టినవాళ్ల కుళాయిలో నీళ్లు వస్తూనే ఉన్నాయి.

అంతమాత్రాన ఎదురు వాదన తేలికైందని అనలేం. కారుణ్య సంరక్షణ అని ఒక ఆలోచనాధోరణి ఉంది. ప్రకృతిని కాపాడే పేరుతో జంతువును చంపడం అలవాటుగా మారకూడదని, జాతినే కాక ప్రతి ప్రాణినీ లెక్కలోకి తీసుకోవాలని వాళ్ల మాట. వాళ్లు గుర్తుచేసే విషయం ఒకటి నన్ను ఆపేసింది. ఒంటి మూపురం ఒంటె అడవిజీవిగా ప్రపంచంలో దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే అంతరించింది. అరేబియాలో, రాజస్థాన్‌లో ఉన్నవన్నీ పెంపుడువే. మనిషి చెయ్యి లేకుండా స్వేచ్ఛగా బతికే పెద్ద మంద ఇప్పుడు భూమ్మీద ఉన్నది ఒక్క ఆస్ట్రేలియాలోనే. ఒకచోట బెడద అనిపించుకున్నది, ఇంకో లెక్కలో ఆ జాతికి మిగిలిన ఒకే ఒక్క అడవి బతుకు. ఈ రెండూ ఒకేసారి నిజం.

పశువుల మాట కూడా ఎత్తుతారు. ఆస్ట్రేలియాలో గొడ్లు రెండున్నర కోట్లకు అటూ ఇటూ ఉంటాయి. అవీ ఓడల్లో వచ్చినవే, వాటిలో కొన్ని ఆ ఎడారి అంచుల్లోనే మేస్తాయి. వాటికి చెవి పోగుంది, యజమాని ఉన్నాడు, కాబట్టి సంపద. ఒంటెకు లేదు కాబట్టి నష్టం. 2011లో ఒక సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. ఒంటె కడుపులోంచి ఏడాదికి 45 కిలోల మీథేన్ వస్తుంది, అది ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, కాబట్టి ఒంటెను చంపినవాడికి కార్బన్ క్రెడిట్ ఇవ్వాలంది. కార్బన్ క్రెడిట్ అంటే గాలిలోకి పోయే కాలుష్యాన్ని ఆపినందుకు దక్కే, అమ్ముకోగల పత్రం. ఒక టన్ను అంటే మన బైకులో 430 లీటర్ల పెట్రోలు పోసి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగినంత. ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. సాగకపోవడమే మేలయింది. ఒంటె ఆవుకంటే తక్కువ మీథేన్ వదులుతుందని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. రెండున్నర కోట్ల గొడ్ల పొగను లెక్క రాయకుండా ఒంటెల పొగను వెతకడం నాకు వ్యాపారంలా కనిపిస్తుంది గానీ నీతిలా కనిపించదు.

మనవైపు కొస అన్నది ఇప్పుడు. 1970ల్లో మన దేశంలో ఒంటెలు పది లక్షలకు పైనే ఉండేవి. 2012 పశుగణనలో 4 లక్షలు, 2019లో 2.5 లక్షలు. ఏడేళ్లలో నూటికి ముప్పయ్యేడు తగ్గాయి. అంటే మన దేశంలో కంటే దిగుమతి చేసుకున్న దేశంలోనే ఇవాళ ఒంటెలు ఎక్కువ. రాజస్థాన్ 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది, 2015లో వధనూ, అనుమతి లేకుండా రాష్ట్రం దాటించడాన్నీ నిషేధించింది. బక్రీదుకు ముందు హైదరాబాదుకు తెస్తున్న ఒంటెల్ని పోలీసులు పట్టుకున్నారన్న వార్తలు మనం చదివే ఉంటాం. చట్టం ఉద్దేశం మంచిదే. కాని మగ ఒంటెల్ని బయటివాళ్లకు అమ్ముకుని బతికే రైకా కాపరుల నోటి దగ్గర కూడు దానివల్ల తగ్గింది. తమను శివుడు ఒంటెల్ని కాయడానికే పుట్టించాడని నమ్మే కులం అది. గిరాకీ పడిపోతే నమ్మకం ఒక్కటీ మందను మేపలేదు.

‘అయితే అక్కడివి ఇక్కడికి తెచ్చుకుంటే పోలా?’ మీరు అడుగుతారని తెలుసు. రాజస్థాన్‌లో తక్కువైంది ఒంటెలు కాదు, వాటికి పని, మేత బీళ్లు, కొనేవాళ్లు. ఉన్నవాటినే కాపరులు వదిలించుకుంటుంటే సముద్రం మీదుగా ఇంకొన్ని తెచ్చి దింపి లాభం లేదు. అక్కడ ఎక్కువై చస్తున్నాయి, ఇక్కడ పనిలేక తగ్గుతున్నాయి. రెండుచోట్లా మూలం ఒకటే, లారీ వచ్చాక ఒంటెను ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించలేదు.

ఇక చంపడం అసలే ఇష్టం లేనివాళ్లు ఒక కూడిక చూడాలి, అది ఎవరికీ హాయినివ్వదు. మంద నూటికి ఎనిమిది పెరుగుతుంటే మూడు లక్షల్ని మూడు లక్షల దగ్గరే ఆపడానికి ఏటా 24,000 ఒంటెల్ని తియ్యాలి. ఆరు లక్షలైతే 48,000. లక్ష అయితే 8,000 చాలు. తొమ్మిదేళ్లు కళ్లు మూసుకుని మూడు లక్షల్ని ఆరు కానిచ్చి, అప్పుడు మళ్లీ మూడుకు దించాలంటే ఒక్కసారే మూడు లక్షలు. కళ్లు తెరిచి ఏటా ఆపుతూ వస్తే అదే తొమ్మిదేళ్లకు 2.16 లక్షలు. ఏమీ చెయ్యకుండా ఉంటే ఎప్పుడో ఒకనాటికి కరవు ఆపుతుంది. దొన చుట్టూ దప్పికతో చచ్చిన ఒంటెల ఫొటోలు చూసినవాళ్లెవరూ దాన్ని దయ అనలేరు.

అందుకే నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది హెలికాప్టరు కాదు, పథకం ముగిశాక ఆపెయ్యడం. 2013లో కేంద్రం డబ్బు అయిపోయింది. ఏటా 24,000 ఒంటెలు, ఒక్కోదానికి పాత లెక్క ప్రకారం 119 డాలర్లు వేసుకుంటే ఏడాదికి దాదాపు 28.6 లక్షల డాలర్లు కావాలి, మన డబ్బులో పదహారు, పదిహేడు కోట్లు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర రాష్ట్రాలు, పశువుల కంపెనీలు, ఆదివాసీ భూమి మండళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. భరించేవాళ్లు దొరక్కపోతే పోయిన 1.6 లక్షల ప్రాణాలకు ఫలితం తొమ్మిదేళ్ల వాయిదా మాత్రమే, తర్వాత ఇంకో పథకం, ఇంకో 1.6 లక్షలు. డబ్బు దొరికినా మొదట అడగాల్సింది ఏ దొన దగ్గర, ఏ నెలలో, ఎవరి అనుమతితో, రోడ్డు పక్కనైతే మాంసం ఎవరింటికి అన్నవి. వీటికి జవాబులు విమాన సర్వేల్లో దొరకవు, డాకర్ రివర్ లాంటి ఊళ్లలో కూర్చుని అడగాలి. అక్కడ ఒకే ఇంట్లో మూడు జవాబులు వస్తాయని ముందే చెప్పుకున్నాం కాబట్టి, సమావేశాలకు పెట్టే ఖర్చును దుబారా పద్దులో రాయకూడదు.